పాత పికప్పును చవకగా దించడం: ఎత్తుతో పాటు ఇంకేం తగ్గుతుంది

ఖాళీగా నిలబడ్డ పికప్పును పక్క నుంచి చూస్తే వెనక భాగం ముందు కంటే కొంచెం లేచి ఉంటుంది. వెనక టైరు పైన బెత్తెడు సందు, కొన్ని బళ్లలో జానెడు సందు. బండి ఎత్తు దించాలనుకునేవాళ్ల చూపు మొదట పడేది అక్కడే. ఆ సందును కంపెనీ ఊరికే వదల్లేదు. టన్ను బరువు వేసుకుని బండి గుంతలో పడినప్పుడు ఇరుసు పైకి లేచి ఛాసిస్‌కు, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రానికి, కొట్టుకోకుండా ఉండడానికి దాచిపెట్టిన చోటు అది. కాబట్టి పికప్పులో ఎత్తు తగ్గించడమంటే బరువు కోసం ఉంచిన జాగాలోంచి కొంత తీసి ఖర్చుపెట్టడమే. ఈ ఒక్క లెక్క మనసులో ఉంటే ఏ పద్ధతి నిజంగా చవకో, ఏది ఇవాళ చవకగా కనిపించి ఆరు నెలల తర్వాత జేబుకు చిల్లు పెడుతుందో తేలిగ్గా తెలిసిపోతుంది.

బెంగళూరులో మన తెలుగువాళ్ల చేతుల్లో పికప్పులు బాగానే ఉన్నాయి. మదనపల్లె, పలమనేరు వైపు నుంచి టమోటా పెట్టెలతో వచ్చేవి, ఇళ్లు మారేవాళ్ల సామాను తోలేవి, క్యాటరింగ్ గిన్నెలు, సౌండ్ బాక్సులు మోసేవి. టాటా 207, బొలెరో పికప్పు లాంటివి పదేళ్లు, పదిహేనేళ్లు లోడు తోలి, ఆ తర్వాత ఎవరో మోజుపడి కొంటే చిన్న పనులకు మాత్రమే తిరుగుతుంటాయి. దించాలన్న కోరిక ఎక్కువగా ఈ బళ్ల మీదే పుడుతుంది. కొందరికి అందం కావాలి. ఇంకొందరికి అసలైన అవసరమే ఉంటుంది. వెనక బాడీ రెండు అంగుళాలు దిగితే ఫ్రిజ్జు ఎక్కించే ఇద్దరు మనుషులకు, బైకు ఎక్కించే ఒక్క మనిషికి ఆ తేడా నడుముకు తెలుస్తుంది. మలుపుల్లో కూడా కొంత లాభం ఉంది: బండి గురుత్వ కేంద్రం నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, అది 5 సెంటీమీటర్లు దిగినప్పుడు మలుపులో ఒక పక్క చక్రాల మీదికి ఒరిగే బరువు సుమారు 7 శాతం తగ్గుతుంది. ఇరుసు, చక్రాలు ఉన్నచోటే ఉంటాయి కాబట్టి నిజంగా దక్కేది ఇంకొంచెం తక్కువే. మంచిదే, కానీ ఎత్తు దించగానే బండి రేసు కారులా తిరుగుతుందనుకోవడం మాత్రం భ్రమ.

పని మొదలుపెట్టేముందు ఒక టేపు, సుద్దముక్క, ఒక గంట టైము చాలు. అపార్ట్‌మెంట్ బేస్‌మెంటులో నేల చదునుగా ఉన్నచోట బండి పెట్టి, నాలుగు చక్రాల దగ్గర చక్రం నడిబొడ్డు నుంచి నిలువుగా మడ్‌గార్డు అంచు దాకా కొలిచి రాసుకోవాలి. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి తేడా వల్ల లెక్క తప్పుతుంది. తర్వాత కిందికి వంగి, వెనక ఇరుసుకూ దాని పైన ఛాసిస్‌కు బిగించి ఉన్న బంప్ రబ్బరుకూ మధ్య ఖాళీ ఎంతుందో చూడాలి. ఇదే కొలతను బండిలో మామూలుగా వేసే లోడు వేసి మళ్లీ తీసుకోవాలి. 25 కిలోల బియ్యం బస్తాలు ఇరవై వేస్తే అర టన్ను, అంతకంటే సులువైన తూకం లేదు. ఖాళీగా 11 సెంటీమీటర్లు ఉన్న సందు అర టన్నుకే 7 సెంటీమీటర్లకు వచ్చిందంటే, బండిని 5 సెంటీమీటర్లు దించాక అదే లోడుకు మిగిలేది 2 సెంటీమీటర్లు. అంత సందుతో ఏ వీధి గుంతలో పడ్డా ఇరుసు రబ్బరుకు తగిలి, నడుముకు దెబ్బ తెలుస్తుంది.

పాత బళ్లలో ఈ కొలత ఇంకో విషయం కూడా బయటపెడుతుంది. ఏళ్ల తరబడి బరువు మోసిన కమాన్లు (ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఉండే వంపు ఉక్కు పట్టీల కట్టలు) కూర్చుండిపోయి ఉంటాయి, అదీ రెండు పక్కలా సమానంగా కూర్చోవు. కుడికీ ఎడమకూ రెండు సెంటీమీటర్ల తేడా కనిపిస్తే ముందు దాని సంగతి చూడాలి. విరిగిన పట్టీ ఒకటి కట్ట మధ్యలో దాక్కుని ఉండొచ్చు, బుష్ అరిగిపోయి ఉండొచ్చు, పట్టీలన్నిటినీ నడుమ కలిపి పట్టే సెంటర్ బోల్టు తెగి కట్ట పక్కకు జరిగి ఉండొచ్చు. ఒంకర తీయకుండా దించితే ఒంకరతోనే దిగుతుంది.

ఇక కమాన్ల సంగతి. తక్కువ ఖర్చు అనగానే చాలామంది మొదట చేసే పని ఒక పట్టీ పీకేయడం. కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యు-బోల్టులు విప్పి, సెంటర్ బోల్టు తీసి, ఒక పట్టీ పక్కన పెట్టి మళ్లీ బిగిస్తే పని అయిపోతుంది, ఒక్క పూట కూలి తప్ప ఖర్చు లేదు. దీని ఫలితాన్ని లెక్కగా చూద్దాం. ఒక పక్క కమాను కట్టలో ఒకే మందం ఉన్న ఐదు పట్టీలు ఉన్నాయనీ, ఆ కట్ట 60 కిలోలకు ఒక సెంటీమీటరు చొప్పున కుంగుతుందనీ అనుకుందాం. ఖాళీ బండిలో ఆ పక్క పడే బరువు 240 కిలోలు, లోడుతో 720 కిలోలు. అంటే ఖాళీగా 4 సెంటీమీటర్లు, లోడుతో 12 సెంటీమీటర్లు కుంగుతుంది. ఒక పట్టీ తీస్తే గట్టిదనం ఐదో వంతు పోయి 48 కిలోలకే సెంటీమీటరు కుంగుతుంది. ఇప్పుడు ఖాళీగా 5 సెంటీమీటర్లు, లోడుతో 15. దానికి తీసిన పట్టీ మందం, ఎనిమిది మిల్లీమీటర్ల దాకా, కలుపుకోవాలి. చూడండి: కంటికి కనిపించాల్సిన ఖాళీ బండి దిగింది రెండు సెంటీమీటర్ల లోపే, లోడు బండి దిగింది నాలుగు సెంటీమీటర్ల దగ్గర దగ్గర. అడిగిన చోట కొంచెం, అడగని చోట బోలెడు. మిగిలిన నాలుగు పట్టీల్లో ఒక్కోదాని మీద పడే భారం పాతిక శాతం పెరిగింది కూడా. పదిహేనేళ్లు అలసిపోయిన ఉక్కు మీద ఆ పాతిక శాతం చిన్నదేం కాదు.

కట్టలో అడుగున మందంగా, దాదాపు చదునుగా ఉండే హెల్పర్ పట్టీని తీయడం ఇంకా నష్టం. లోడు పడి పై పట్టీలు కిందికి వంగాకే అది పనిలోకి దిగుతుంది, ఖాళీ బండిలో దాని పాత్ర దాదాపు సున్నా. దాన్ని తీస్తే దాని మందం మేరకు, అంటే ఒక సెంటీమీటరు పైచిలుకు, బండి దిగుతుంది, అంతే. బరువు వేసిన రోజున మాత్రం ఆదుకునేవాడు లేక బండి చతికిలబడుతుంది.

ఇంకో పద్ధతి ఇరుసుకూ కమానుకూ మధ్య ఇనుప దిమ్మ పెట్టడం. ఇది అమెరికా వీడియోల్లో తెగ కనిపిస్తుంది, అరగంటలో మూడు అంగుళాలు దిగిన బండిని చూపిస్తారు. అది అబద్ధం కాదు, కానీ అక్కడి బండి వేరు. పికప్పులను నేలకు దించే సరదా దక్షిణ కాలిఫోర్నియాలో 1970లు, 80ల్లో చిన్న జపాన్ పికప్పులతో బాగా ఊపందుకుంది. డాట్సన్లు, టొయోటాలు, తర్వాత అమెరికాదే అయిన షెవర్లే ఎస్-10 లాంటివి. ఆ చిన్న టూ-వీల్ డ్రైవ్ బళ్లలో చాలావాటికి కమాను ఇరుసు కింది నుంచి పోతుంది. కింద కమాను, పైన ఇరుసు, మధ్యలో దిమ్మ పెడితే ఇరుసు పైకి జరుగుతుంది, అంటే బండి దిగుతుంది. మన దగ్గర లోడు తోలే పికప్పుల్లో మామూలుగా కమాను ఇరుసు పైన కూర్చుంటుంది. అక్కడ అదే దిమ్మ పెడితే బండి దిగడం పోయి పైకి లేస్తుంది. కొన్ని బళ్లలో కంపెనీ నుంచే చిన్న దిమ్మ వచ్చి ఉంటుంది. అలాంటప్పుడు దాన్ని తీసేయడం లేదా పలచటిది వేయడం అన్నిటికంటే శుభ్రమైన దారి, కమాను గట్టిదనం ఏమాత్రం మారదు. కాబట్టి వీడియో చూసి సామాను కొనేముందు ఒకసారి బండి కిందికి దూరి చూడాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని మాత్రం దూరొద్దు, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాకే.

కమానును ఇరుసు కిందికి మార్చేయడం కూడా కొందరు అడుగుతారు. ఇరుసు గొట్టం మందం, కట్ట మందం రెండూ కలిపి ఎత్తు పడిపోతుంది కాబట్టి నాలుగు అంగుళాలు దాటి దిగుతుంది. అంత దిగితే ఇరుసు పైకి లేవడానికి చోటు చాలదు, ఛాసిస్‌ను అర్ధచంద్రంలా కోసి లోపలి నుంచి బలం వేయాలి, ఇరుసు గొట్టం మీద కొత్త సీట్లు వెల్డింగ్ చేయాలి, ఆ వేడికి గొట్టం వంగితే చక్రాల లైను పోతుంది. ఇది చవక పని జాబితాలోకి రాదు.

మన బళ్లకు నిజంగా సరిపడేది, ఖర్చు కూడా తక్కువ పడేది, కమాను పట్టీల వంపు తగ్గించడం. లారీలు ఆగే ప్రతి ఊళ్లో కమాన్ల షాపు ఉంటుంది, బెంగళూరులో కలాసిపాళ్యం లాంటి చోట్ల ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల చుట్టూ ఆ పని తెలిసినవాళ్లు దొరుకుతారు. మామూలుగా వాళ్ల దగ్గరికి వచ్చేవాళ్లు కూర్చున్న కమానుకు వంపు పెంచమని వస్తారు, ఇక్కడ అడిగేది దానికి తిరగేసిన పని. కట్ట మొత్తం విప్పి, పట్టీలు నేల మీద వరుసగా పరిచి, పెద్ద పట్టీని దాగలి మీద పెట్టి సమ్మెటతో ఒక చివర నుంచి ఇంకో చివరకు వేలెడు వేలెడు జరుపుతూ కొడతారు. ఒక్కచోటే గట్టిగా కొట్టకుండా పట్టీ పొడవునా దెబ్బలు సమానంగా పడడంలోనే పనితనం అంతా ఉంది. పెద్ద పట్టీ వంపు కుదిరాక దాని కింద రెండోది పెట్టి రెండింటి మధ్యా వెలుతురు ఎలా కనిపిస్తుందో చూస్తారు, చివర్లు ఆనుకుని మధ్యలో సన్నటి సందు ఉండాలి, సెంటర్ బోల్టు బిగించాక ఆ సందు మూసుకుపోతుంది. ఈ సందు సరిగా లేకపోతే కట్టలో ఒక్కో పట్టీ ఒక్కో పని చేసి త్వరగా విరుగుతాయి. వంపు తగ్గించేటప్పుడు పట్టీల సంఖ్య, మందం మారవు కాబట్టి గట్టిదనం అలాగే ఉంటుంది, ఖాళీగా ఎంత దిగిందో లోడుతోనూ అంతే దిగుతుంది. పట్టీ పీకడానికీ దీనికీ ఉన్న తేడా ఇదే, అదనంగా పెట్టిన ఖర్చుకు దక్కే ప్రతిఫలం కూడా ఇదే.

ఇందులోనూ చూసుకోవాల్సినవి ఉన్నాయి. వంపు తగ్గితే కమాను పొడవు సాగుతుంది, కమాను వెనక చివరను ఛాసిస్‌కు కలిపే ఊగే లింకు, అంటే షాకిల్, ఇంకా వెనక్కి ఒరుగుతుంది. షాకిల్ మరీ పడుకుంటే కమాను కదలడానికి చోటు ఉండదు, బండి కట్టెలా ఎగురుతుంది. పాత యు-బోల్టులు మళ్లీ వాడొద్దు, అవి ఒకసారి బిగించినప్పుడే సాగి ఉంటాయి. కొత్తవి సరైన పొడవుతో వేసి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. ఇంకో ముఖ్యమైన సంగతి: గ్యాస్ మంట పెట్టి పట్టీని ఎర్రగా కాల్చి వంచుతామంటే ఒప్పుకోవద్దు. కమాను ఉక్కును ఫ్యాక్టరీలో కాల్చి, నూనెలో ముంచి చల్లార్చి, మళ్లీ నాలుగైదు వందల డిగ్రీల వేడిలో ఉంచి పదును పెడతారు. ఎర్రగా కాలిందంటే ఆ పదును దాటిపోయినట్టే. ఆ తర్వాత అది మామూలు ఇనుప బద్ద, ఒక లోడుకు వంగి అలాగే ఉండిపోతుంది, లేదంటే కాల్చిన చోట పెళుసై విరుగుతుంది. దుకాణంలో పనివాడు ఎంత నచ్చజెప్పినా ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు.

షాకిల్ పొడవు మార్చి దించడం కూడా ఉంది కానీ దాని లెక్క సగం లెక్క. కమాను ఒక చివర రెండు అంగుళాలు జరిపితే ఇరుసు దగ్గర దక్కేది ఒక అంగుళమే, ఎందుకంటే ఇరుసు కట్టకు దాదాపు మధ్యలో ఉంటుంది. పైగా ఇరుసు కొద్దిగా తిరిగి, ప్రొపెల్లర్ షాఫ్టు వచ్చి కలిసే దాని మూతి కోణం మారుతుంది. ఇంజిన్ శక్తిని వెనక ఇరుసుకు తెచ్చే ఆ షాఫ్టు కీళ్లు (క్రాసులు) ఆ కోణానికి అలవాటుపడి ఉండవు, అరవై డెబ్బై స్పీడులో సీటు కింద సన్నటి వణుకు మొదలైతే అనుమానించాల్సింది దీన్నే. కమానుకూ ఇరుసు సీటుకూ మధ్య వాలు బిళ్ల వేసి సరిచేస్తారు.

ముందు భాగం బండిని బట్టి మారుతుంది. టోర్షన్ బార్ ఉన్న బండి అయితే అదృష్టమే. ఛాసిస్ పొడవునా పోయే ఆ ఉక్కు కడ్డీ చివర ఒక బోల్టు ఉంటుంది, దాన్ని వదులు చేస్తే ముందు భాగం దిగుతుంది, బిగిస్తే లేస్తుంది. కోసేది లేదు, కొనేది లేదు, నచ్చకపోతే ఎక్కడిదక్కడ పెట్టేయొచ్చు. విప్పేముందు బోల్టు మీద పెయింటుతో గుర్తు పెట్టి, చుట్లు లెక్కపెట్టుకోవాలి, అయినా చివరి మాట మాత్రం టేపుదే, రెండు పక్కలా ఒకే చుట్లు తిప్పినా ఎత్తు ఒకేలా రావాలని లేదు. తిప్పిన ప్రతిసారీ బండిని పది అడుగులు ముందుకూ వెనక్కూ నడిపి కుదురుకున్నాకే కొలవాలి. అంగుళం, అంగుళంన్నర దగ్గర ఆగిపోవడం మంచిది. అంతకు మించితే చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్ము బంప్ రబ్బరు మీదే కూర్చుని తిరుగుతుంది. చక్రం తల లోపలికి వాలుతుంది, చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం (టో) మారుతుంది, అలైన్‌మెంట్ చేయించకపోతే టైరు లోపలి అంచు రెండు మూడు వేల కిలోమీటర్లకే అరిగి తీగలు తేలుతాయి. అలైన్‌మెంట్ ఖర్చు మిగుల్చుకుని రెండు టైర్లు పోగొట్టుకోవడం ఏ లెక్కన చవక?

ముందు కాయిల్ స్ప్రింగులు ఉంటే కోయడం అనే మాట వస్తుంది. మంచి స్ప్రింగును కటింగ్ వీల్‌తో, నీళ్లు చల్లుతూ వేడెక్కకుండా కోస్తే అది పాపమేం కాదు, కానీ రెండు విషయాలు తెలియాలి. ఒకటి, కోసిన స్ప్రింగు గట్టిపడుతుంది: పనిచేసే చుట్లు ఎనిమిదిలో ఒకటి పోతే గట్టిదనం ఎనిమిదిని ఏడుతో భాగించిన లెక్కన సుమారు 14 శాతం పెరుగుతుంది. రెండోది, స్ప్రింగు ఆర్ము మధ్యలో కూర్చుంటుంది కాబట్టి దాని ఎత్తు అంగుళం తగ్గితే చక్రం దగ్గర అంగుళం కంటే చాలా ఎక్కువ, కొన్ని బళ్లలో రెండు అంగుళాల దాకా, దిగుతుంది. అందుకే పావు చుట్టు, అర చుట్టు చొప్పున కోసి చూసుకోవాలి, కోసింది మళ్లీ అతకదు. రెండు చివర్లూ చదునుగా సానపట్టి ఉన్న స్ప్రింగును కోస్తే సీట్లో సరిగా కూర్చోదు, అలాంటిదాన్ని వదిలేయడమే మేలు. ముందు కూడా రెండు చక్రాలనూ కలిపే ఒకే ముక్క ఇరుసు, కమాన్లు ఉన్న బండిలో స్టీరింగ్ రాడ్డు కోణం చెడి, గుంత తగిలినప్పుడల్లా స్టీరింగ్ తనంతట తాను లాగే ప్రమాదం ఉంటుంది, అక్కడ అంగుళం దాటకూడదు.

షాకబ్జర్ల గురించి ఎవరూ పట్టించుకోరు. బండి 5 సెంటీమీటర్లు దిగిందంటే షాకబ్జరు ఎప్పుడూ 5 సెంటీమీటర్లు లోపలికి నొక్కుకునే ఉంటుంది. లోపలికి పోవడానికి 9 సెంటీమీటర్లు మిగిలి ఉన్న చోట ఇప్పుడు 4. బంప్ రబ్బరు అడ్డు వస్తుందని దాన్ని సగం కోసేస్తారు కొందరు, అప్పుడు ఆ దెబ్బ తినేది షాకబ్జరు. రెండు నెలల్లో నూనె కారుతుంది, లేదా పై మౌంటింగు చిరుగుతుంది. కొంచెం పొట్టి షాకబ్జర్లు వేయడం దీనికి మందు, వేరే మోడలువి సరిపడేవి జేసీ రోడ్డు షాపుల్లో కొలతలు పట్టుకెళ్తే వెతికి చూడొచ్చు. మూసినప్పటి పొడవు, తెరిచినప్పటి పొడవు, బుష్ రంధ్రం సైజు, ఈ మూడూ కాగితం మీద లేకుండా వెళ్లొద్దు. శివాజీనగర్ గుజిరీలో పాత సామాను ఇంకా చవకగా దొరుకుతుంది, స్ప్రింగులైతే సరేకానీ షాకబ్జర్లను పాతవి కొనడం అనవసరం.

ఇప్పుడు అన్నిటికంటే తక్కువ తెలిసిన, అన్నిటికంటే ప్రమాదమైన విషయం: బ్రేకులు. చాలా పికప్పుల్లో వెనక ఇరుసుకు దగ్గరగా ఛాసిస్ మీద ఒక చిన్న వాల్వు ఉంటుంది, దాని నుంచి ఒక లివరో స్ప్రింగో ఇరుసుకు కట్టి ఉంటుంది. దీన్ని లోడ్ సెన్సింగ్ వాల్వు అంటారు. ఖాళీ పికప్పుకు వెనక బరువు చాలా తక్కువ, బ్రేకు కొడితే ఆ ఉన్న కాస్త బరువూ ముందుకు పోతుంది, అప్పుడు వెనక చక్రాలకు పూర్తి ఒత్తిడి ఇస్తే అవి బిగుసుకుపోతాయి. వెనక చక్రాలు బిగుసుకుంటే బండి వెనక భాగం పక్కకు తిరుగుతుంది. అందుకని ఈ వాల్వు ఖాళీగా ఉన్నప్పుడు వెనక ఒత్తిడిని తగ్గిస్తుంది, లోడు వేసినప్పుడు పెంచుతుంది. లోడు ఉందని దానికి ఎలా తెలుస్తుంది? ఛాసిస్‌కూ ఇరుసుకూ మధ్య దూరాన్ని బట్టి. ఛాసిస్ దిగిందంటే బరువు పడిందని దాని లెక్క.

బండిని రెండు అంగుళాలు దించితే ఆ వాల్వు దృష్టిలో వెనక ఎప్పుడూ అర టన్ను ఉన్నట్టే. బండి ఖాళీ, వాల్వు మాత్రం లోడు బండికి ఇచ్చినట్టు ఒత్తిడి పంపుతూ ఉంటుంది. ఎండాకాలం రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము మీద మొదటి వాన పడ్డ సాయంత్రం, హెబ్బాళ ఫ్లైఓవర్ దిగుతుండగా ముందు బైకు హఠాత్తుగా ఆగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. బండి దించినవాళ్లు ఎన్నో చూసుకుంటారు, స్టిక్కర్లు, వీల్ క్యాపులు, లైట్లు, ఈ లివరు ఒక్కటీ చూసుకోరు. దీని సెట్టింగు పెద్ద పని కాదు, లివరు కట్టిన చోట పొడవు సర్దుకునే ఏర్పాటు ఉంటుంది, కంపెనీ వర్క్‌షాప్ మాన్యువల్లో ఇచ్చిన కొలతకు తెచ్చుకోవాలి. కొత్త ఎత్తుకు ఆ సర్దుబాటు చాలకపోతే బండిని అంత దించకూడదనే అర్థం. వాల్వును తీసేసి పైపులు నేరుగా కలిపేస్తామనే మెకానిక్ దగ్గర ఇంకే పనీ చేయించకండి. పనయ్యాక ఖాళీ రోడ్డు మీద ముప్పై స్పీడులో గట్టిగా బ్రేకు కొట్టి, ముందు చక్రాల కంటే వెనకవి ముందు బిగుసుకోవడం లేదని చూసుకోవాలి. హెడ్‌లైట్ల లెవెల్ కూడా అప్పుడే సర్దించాలి, వెనక ఒక్కటే దిగితే లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి లేస్తాయి.

బెంగళూరు రోడ్ల మీద ఎంత దించొచ్చన్న ప్రశ్నకు జవాబు స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి మార్గదర్శకాల్లో స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్ధపు వంపు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని ఉంది. ఇరుసుల మధ్య మూడు మీటర్ల దూరం ఉన్న పికప్పు దాని మీద సరిగ్గా నడుమ నిలిచినప్పుడు నాలుగు చక్రాలూ ఆ వంపు మీదే ఉంటాయి, చక్రాల మట్టం కంటే నడిమి భాగం లేచేది 6.6 సెంటీమీటర్లే. అలాంటి స్పీడ్ బ్రేకర్లే ఊరంతా ఉంటే రెండు మూడు అంగుళాలు దించినా నిశ్చింత. కానీ లేఅవుట్ల సందుల్లో రాత్రికి రాత్రి పోసేవి మూరెడు వెడల్పు, అడుగుకు దగ్గర్లో ఎత్తు, వాటి ముందు ఏ లెక్కా పనిచేయదు. ముందు చక్రాలు దిగిపోయి వెనకవి ఎక్కకముందు మొత్తం ఎత్తూ బండి కడుపు కిందే ఉంటుంది. కాంక్రీటు పొర (వైట్ టాపింగ్) వేసిన పెద్ద రోడ్డు నుంచి పక్క వీధిలోకి దిగే మెట్టు, బేస్‌మెంట్ ర్యాంపు మొదలు, ఇవి కూడా అంతే.

ఇక్కడ ఒక సంగతి చాలామంది గమనించరు. కమాన్లతో బండిని దించితే వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండు ఒక్క మిల్లీమీటరు కూడా దిగదు, అది చక్రాలతో పాటే ఉంటుంది. దిగేది ఛాసిస్, దానికి వేలాడే సైలెన్సర్, డీజిల్ ట్యాంకు, గేర్‌బాక్స్ కింది అడ్డపట్టీ. కాబట్టి దించేముందు వీటిలో దేని అడుగు నేలకు దగ్గరగా ఉందో చూసి రాసుకోవాలి. చాలాసార్లు సైలెన్సర్ హ్యాంగరు రబ్బరు సాగి వేలాడుతుంటుంది, అది మారిస్తేనే రెండు సెంటీమీటర్లు తిరిగొస్తాయి.

టైరు మార్చి దించడం దీనికి తిరగేసినట్టు, గుండుతో సహా బండి అంతా దిగుతుంది. 215/75 ఆర్ 15 టైరు ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు, 215/65 ఆర్ 15 అయితే సుమారు 660. ఎత్తులో తేడా 43, బండి దిగేది అందులో సగం, 21 మిల్లీమీటర్ల పైన. సస్పెన్షన్ జోలికి పోలేదు, వాల్వు లెక్క చెడలేదు, షాకబ్జర్లు క్షేమం. స్పీడోమీటర్ మాత్రం అబద్ధం చెప్తుంది, నిజంగా 60లో పోతుంటే 64 చూపిస్తుంది, ఓడోమీటరు కూడా ఆరు శాతం ఎక్కువ తిరుగుతుంది. అసలు చూడాల్సింది టైరు పక్కన ఉండే లోడ్ ఇండెక్స్: 104 అంటే ఒక్కో టైరు 900 కిలోలు మోస్తుంది, 95 అంటే 690 కిలోలే. కారు టైరు అందంగా ఉందని పికప్పుకు వేస్తే లోడు రోజున పక్క గోడ పగులుతుంది. అరిగిన టైర్లు ఎలాగూ మార్చాల్సిన బండికైతే లోడ్ ఇండెక్స్ తగ్గకుండా ఒక మెట్టు పొట్టి టైరు చూసుకోవడం అన్నిటికంటే తక్కువ తలనొప్పి, కాకపోతే గూడ్స్ బండికి టైరు సైజు రికార్డుల్లో ఉంటుందని మర్చిపోకూడదు.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు ఆర్‌సీ వివరాలు తేడా పడేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండి ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు (ఎఫ్‌సీకి) వెళ్లాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కిందికి వంగి చూస్తే కోసిన ఛాసిస్, వెల్డింగ్ చేసిన ఇరుసు దాగవు. మళ్లీ యథాస్థితికి తెచ్చుకోగలిగే మార్పులకే పరిమితమవడానికి ఇది కూడా ఒక కారణం. తీసిన పాత దిమ్మలు, పాత టైర్లు, కొలతల కాగితం పారేయకుండా ఉంచుకోవాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం తర్వాత క్లెయిమ్ దగ్గర అడ్డుపడే అవకాశం ఉంది.

అందుకే పాత పికప్పుకు ఖర్చుపెట్టే వరుస ఇలా ఉంటే బాగుంటుంది. ముందు బుష్‌లు, విరిగిన పట్టీలు, కారుతున్న షాకబ్జర్లు. తర్వాత ముందు టోర్షన్ బార్ ఒక అంగుళం, వెనక కమాన్ల వంపు అంగుళంన్నర, దాంతో పాటు అదే రోజు వాల్వు లివరు, అలైన్‌మెంట్. ఖాళీగా ముందూ వెనకా సమంగా కనిపించేదాకా దించాలని మోజుపడొద్దు, వెనక అర అంగుళం ఎత్తు మిగిల్చితే నాలుగు బస్తాలు వేసినప్పుడు బండి సమంగా నిలుస్తుంది, లేకపోతే తోక ఈడ్చుకుంటూ పోతుంది. లోడు తోలే పని ఇంకా ఉన్న బండి అయితే వెనక కమాను ముట్టుకోకుండా టైర్ల దగ్గరే ఆగిపోవడం ఉత్తమం.

పనయ్యాక మొదటి వారం ఒక చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు. ముగ్గుపిండిని నీళ్లతో ముద్దగా కలిపి, వెనక బంప్ రబ్బర్ల అడుగున రెండు పక్కలా పూసి, ఆరనిచ్చి, రోజూ తిరిగే దారిలోనే మామూలు లోడుతో తిరగాలి. శనివారం సాయంత్రం టార్చి పట్టుకుని కిందికి చూస్తే, ఇరుసు మీద తెల్లటి మచ్చ లేకపోతే సరే. పలచగా అద్దినట్టు ఉంటే ఎప్పుడో ఒకసారి ఆనింది, ఫర్వాలేదు. రబ్బరు మీద పిండి అంతా రాలిపోయి ఇరుసు మీద ముద్రలా పడిందంటే కమాన్ల షాపుకు వెళ్లి అర అంగుళం వంపు వెనక్కి తెచ్చుకోవాలి.